గ్యాస్ టాబ్లెట్ అడిగే ముందు

అందరికీ నమస్కారం అండి. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్లుగా మందుల షాపులో కూర్చుంటున్న ఫార్మసిస్టుని. పొద్దున షట్టర్ ఎత్తగానే ఎవరో ఒకరు వచ్చి "అన్నా, గ్యాస్ టాబ్లెట్ ఇవ్వు" అంటారు, ఎక్కడమ్మా మంట అంటే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఇవాళ ఆ చెయ్యి పెట్టే చోటు గురించే మాట్లాడదామని వచ్చాను.

అక్కడుండేది అన్నవాహిక, గొంతు నుంచి పొట్ట దాకా సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. యాసిడ్‌ని తట్టుకునే పొర పొట్టకి ఉంది, దీనికి అంతగా లేదు. కింద తలుపులా మూసుకోవాల్సిన కండరం వదులైతే యాసిడ్ పైకి తన్నుకొస్తుంది, రోజూ అలాగే జరిగితే లోపల ఎర్రబడి, వాచి, పుండ్లు కూడా పడతాయి. దీన్నే ఈసోఫజైటిస్ అంటారు.

యాసిడ్ ఒక్కటే కారణం కాదండి. మా షాపుకొచ్చే ఒక డిగ్రీ కుర్రాడికి మొటిమలకని డాక్సీసైక్లిన్ రాశారు. రాత్రి మంచం మీదే ఒక్క గుక్క నీళ్లతో క్యాప్సూల్ మింగి అలాగే వెనక్కి వాలిపోయాడు. తెల్లారి వచ్చాడు, ఉమ్ము మింగాలన్నా కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. క్యాప్సూల్ గొట్టం గోడకి అతుక్కుని అక్కడే కరిగి పుండు చేసింది. స్ట్రిప్ ఇచ్చింది నేనే, గ్లాసు నిండా నీళ్లు తాగు, అరగంట పడుకోకు అని రెండు ముక్కలు చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. డాక్టర్ ఆ మందు ఆపించాక కొన్ని రోజులకి తగ్గింది. ఐరన్ మాత్రలు, నొప్పి మాత్రలు, ఎముకల కోసం వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్, ఇవన్నీ ఆ పని చెయ్యగలవు. ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడేవాళ్లు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో, ఈ గొట్టంలో ఫంగస్ పట్టొచ్చు. కొందరికి పాలు, గోధుమ లాంటివి పడక అలర్జీతో కూడా వాస్తుంది, ముద్ద గొంతు దిగాక మధ్యలో ఆగిపోతుంటుంది.

ఏ రకమో తెలిస్తేనే మందు కుదురుతుంది, ఫంగస్‌కి యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర వేసుకుంటే ఏం లాభం చెప్పండి? యాసిడ్ వల్ల అయితే పాంటాప్రజోల్ బాగా పనిచేస్తుంది, కానీ చాలామంది తిన్నాక వేసుకుంటున్నారు. టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే తిండి పడగానే పొట్టలో యాసిడ్ పంపులు మొదలవుతాయి, అప్పటికే మందు రక్తంలో ఉండాలి. పుండు మానడానికి మామూలుగా 8 వారాలు రాస్తారు, నాలుగు రోజులకి మంట తగ్గిందని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అలాగని డాక్టర్ని అడక్కుండా ఏళ్ల తరబడి వాడడమూ సరికాదు. రాత్రి భోజనం పడుకోడానికి మూడు గంటల ముందే అయిపోవాలి. దిండ్లు ఎత్తుగా పేరిస్తే నడుం దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, దానికన్నా తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోండి.

మింగడం కష్టమైనా, ఊరికే బరువు తగ్గినా, నల్లటి విరేచనమైనా, రక్తం వాంతయినా నా దగ్గరికి రావద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష, అన్నారని భయపడకండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇంట్లో వేసుకునే స్ట్రిప్పులు తెచ్చిన వాళ్లు ఇటు రండి, ఏది ఎప్పుడు వేసుకోవాలో ఒక్కొక్కటీ చూసి చెప్తాను.