తూటాల అర ముందు నిలబడినప్పుడు

అందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో టెక్సాస్‌లో మొదటిసారి జింకల వేటకు బయల్దేరేవాళ్లు మీలో కొందరున్నారని తెలిసింది. ఇండియాలో 1972 చట్టంతో వేట నేరమైపోయింది కాబట్టి, మనలో చాలామందికి ఇంట్లో నేర్పే పెద్దవాళ్లు లేరు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై, కొట్లో తూటాల అర ముందు నిలబడగానే టెన్షన్ మొదలవుతుంది.

అందరూ నన్నడిగేది "ఏ క్యాలిబర్ (తూటా సైజు) కొనమంటారు?" అని. పాయింట్ 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో జింకను కొట్టడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. తెల్లతోక జింకకు 243 విన్‌చెస్టర్ అనే తూటా సరిపోతుంది, ఇంకాస్త పెద్దదైన 308 అయితే బెంగే లేదు. ఆ వాదన అక్కడితో వదిలేద్దాం. అసలు చూడాల్సింది తూటా కొసనుండే గుండు ఎలా తయారైందన్నది.

ఫుల్ మెటల్ జాకెట్ గుండు, అంటే సీసానికి గట్టి లోహపు తొడుగున్నది, చవక, రేంజిలో సాధనకు బాగుంటుంది. జింక మీద మాత్రం వద్దు. అది విచ్చుకోకుండా సన్నటి బెజ్జం చేసి అవతలికి పోతుంది. దెబ్బతిన్న జింక ఏ పొదలోనో పడి గంటల తరబడి నరకం చూడొచ్చు. ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విచ్చుకునే గుండు కావాలి. అలాగని మరీ తొందరగా విచ్చుకున్నా కష్టమే, గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండా భుజం దగ్గరే చితికిపోతుంది.

1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడికి జరిగింది ఇదే. ఒంటినిండా బురద ఎండిపోయిన మూస్‌ను (జింక జాతిలో భారీ జంతువు) కొడితే గుండ్లు లోపలికి దిగలేదు. ఆ కసితోనే ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ గుండు చేశాడు. దాని ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా నిలిచి లోతుకు దిగుతుంది. నాకు ఇప్పటికీ ఇష్టమైన గుండు అదే.

సీసం ముక్కలు మాంసంలో మిగులుతాయని కొందరు పూర్తి రాగి గుండుకు మారారు. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చచ్చిపోతుంటే, కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లే వద్దంది. రాగి మంచిదే. కాకపోతే వేగం తగ్గితే సరిగా విచ్చుకోదు, అందుకని మరీ దూరం నుంచి కొట్టకండి.

ఏది కొన్నా అడవికి వెళ్లేముందు అదే తూటాతో 100 గజాల దగ్గర గురి సరిచూసుకోండి. ఒకే రైఫిల్ రెండు రకాల తూటాలను రెండు చోట్ల కొడుతుంది. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి కాల్చి చూడండి. మీ తుపాకీకి పడనివి ఉంటే నాకివ్వండి, నాది 308.