జపాన్ సైక్లిస్టులు రోడ్డెక్కరు! కారణం కాళ్ళలో లేదు, టికెట్ కౌంటర్‌లో ఉంది

నమస్కారం అండీ! ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ లేచే గొడవ మీకు తెలిసిందే. జపాన్‌లో సైకిల్ రేసుల మీదే బతికే రైడర్లు రెండు వేల మందికి పైగా ఉన్నారు, మరి ఫ్రాన్స్ రోడ్ల మీద, కొండల మీద జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో వాళ్ళేరీ అని. కొండలెక్కే ఓపిక లేదట, ఒంటి తీరే అంతట! శుద్ధ తప్పు. 2009లో జపాన్ రైడర్లు బెప్పు, అరాషిరో ఇద్దరూ ఆ టూర్‌ని చివరిదాకా తొక్కి చూపించారు.

అసలు కారణం ఒక్కటే: పందెం డబ్బు. మన మలక్‌పేటలో గుర్రాల మీద కాసినట్టు అక్కడ ట్రాక్ మీద సైకిల్ తొక్కే మనుషుల మీద కాస్తారు. దాని పేరు కీరిన్. 1948లో జపాన్‌లోని కొకురా అనే ఊళ్ళో మొదలైంది. యుద్ధంలో కాలిపోయిన ఊళ్ళు మళ్ళీ లేవాలంటే డబ్బు కావాలి, అందుకని స్థానిక ప్రభుత్వాలే ట్రాకులు నడిపాయి. ఇప్పటికీ అవే నడుపుతున్నాయి!

రోడ్డు రేసు మీద ఈ వ్యాపారం సాగుతుందా? ఐదు గంటల రేసు, మధ్యలో వాన, పంక్చర్లు, జట్టు రాజకీయాలు. రోడ్లు మూయడానికి పోలీసుల అనుమతి. పందెం కాసేవాడికి కళ్ళెదుటే తేలిపోయే ఆట కావాలి. ట్రాక్ మీద సుమారు రెండు కిలోమీటర్లు, మూడు నాలుగు నిమిషాల్లో ఫలితం. రోజుకి పదీ పన్నెండు రేసులు!

ఇక నమ్మకం కోసం పడే పాట్లు చూడండి. రేసులున్నన్ని రోజులూ రైడర్లని వసతి గృహంలోనే ఉంచుతారు, ఫోన్లు ముందే అప్పగించాలి. మగవాళ్ళ మామూలు రేసుల్లో సైకిళ్ళన్నీ స్టీలు ఫ్రేములే. హబ్, క్రాంక్, రిమ్ దేనికైనా ఎన్‌జేఎస్ (కీరిన్ సైకిల్ భాగాలకి ఇచ్చే ప్రమాణ ముద్ర) ఆమోదం ఉండాల్సిందే. బ్రేకుల్లేవు, ఫ్రీవీల్ లేదు, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. గేరు నిష్పత్తి కూడా ప్రోగ్రాం కాగితంలో అచ్చవుతుంది. ముందు 51 పళ్ళు, వెనక 13 అంటే 3.92. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు నాలుగు చుట్లు!

నన్ను కట్టిపడేసేది మాత్రం ‘లైన్’. ఒకే ప్రాంతం వాళ్ళు ఇద్దరు ముగ్గురు వరసగా నిలబడతారు. ఎవరి వెనక ఎవరో రేసుకి ముందే చెప్పేస్తారు, జనం దాన్ని చూసే కాస్తారు. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. చివరి చుట్టున్నర మిగిలి ఉండగా గంట మోగుతుంది. ఇక రెండోవాడిని చూడండి! వెనక నుంచి ఎవడైనా పక్కగా దూసుకొస్తే, వీడు బయటికి జరిగి భుజంతో దారి మూసేస్తాడు. శృతి మించితే అనర్హతే. ముందువాడు తొందరపడి మరీ దూరం నుంచి లాగాడా, ఆఖరి మలుపులో కాళ్ళు బరువెక్కి మొత్తం లైన్ మునుగుతుంది.

“మరి ఇంత సాధన ఉండీ ఒలింపిక్ కీరిన్‌లో స్వర్ణం ఏది?” అంటారు. సిడ్నీ 2000 నుంచి పారిస్ 2024 దాకా ఆ పోటీలో జపాన్‌కి దక్కింది 2008లో నాగాయి కాంస్యం ఒక్కటే. ఎందుకంటే అది వేరే ఆట! అక్కడ 250 మీటర్ల చెక్క ట్రాక్, నలభై డిగ్రీలు దాటే వాలు, కార్బన్ సైకిల్, లైన్లు ఉండవు. జపాన్‌లో ఎక్కువగా 333, 400 మీటర్ల ట్రాకులు, స్టీలు సైకిల్. ఇంటి ఆటలోనే బతుకు గడుస్తుంటే అలవాటు మార్చుకోవడం ఎంత కష్టం! అయినా 2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో యమసాకి కెంతో కీరిన్ స్వర్ణం కొట్టాడు.

జపాన్‌లో ఇజు అనే చోట ఉన్న కీరిన్ శిక్షణ సంస్థ ప్రవేశ పరీక్ష చూస్తే నా మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. సైకిల్ రేసులు ఎరగనివాళ్ళకి కూడా అక్కడ వేరే పరీక్ష ఉంది: నిలబడి పైకెంత ఎగురుతారు, నడుం బలం ఎంత. బేస్‌బాల్ మానేసినవాళ్ళు, స్కేటర్లు ఈ దారినే వస్తారు. యాభై దాటినా తొక్కేవాళ్ళున్నారు. ఏటా డిసెంబర్ 30న జరిగే కీరిన్ గ్రాండ్ ప్రి గెలిస్తే పది కోట్ల యెన్‌లకి పైనే!

పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి మంచి తొడబలం ఉంది, ఇంట్లో డబ్బు అవసరం ఉంది. మీరే చెప్పండి, యూరప్ కొండలకి వెళ్తాడా, ఇజుకి వెళ్తాడా? కింద కామెంట్లో రాయండి.