నడుము కాదు, నీడ

తమ్ముడు: ఫ్యాన్ కట్టేశాం. చెన్నై ఉక్కలో రికార్డింగ్, కాబట్టి తొందరగా కానిద్దాం. మా అక్క ఇక్కడే యానిమేషన్‌లో క్యారెక్టర్ డిజైన్ చేస్తుంది. నిన్న రాత్రి ఒంటిగంట దాకా ఎవరితోనో ఆన్‌లైన్‌లో కుందేలు నడుము గురించి కొట్లాడింది.

అక్క: కొట్లాట కాదురా, సమాధానం చెప్పా. లోలా బన్నీ అని ఒక కార్టూన్ ఆడ కుందేలు. 1996లో ‘స్పేస్ జామ్’ సినిమాలో వచ్చినప్పటి దాని ఒంపులు, 2021లో రెండో సినిమాకి తగ్గించారు. కుందేలుకి అవెందుకని కొందరు, మా లోలాని పాడుచేశారని కొందరు.

తమ్ముడు: ఇంటర్నెట్ వచ్చాకే ఈ గోల.

అక్క: ఏం కాదు. బెట్టీ బూప్ అనే కార్టూన్ అమ్మాయి పుట్టింది 1930లో. 1934లో హాలీవుడ్‌లో సెన్సార్ నియమాలు బిగించేసరికి ఆవిడ గౌను కిందికి దిగింది.

తమ్ముడు: ఇంతకీ నువ్వెటు?

అక్క: అతి లేకపోతే కార్టూనే లేదు. ఇదిగో, వడపళనిలో టిఫిన్ చేసిన బిల్లు. వెనకాల గీస్తున్నా చూడు. ఛాతీ బీరువా, కాళ్లు అగరొత్తులు. మార్కర్‌తో మొత్తం నల్లగా పూసేశా. ఎవరు?

తమ్ముడు: ‘ఇన్‌క్రెడిబుల్స్’ కార్టూన్ సినిమాలో నాన్న!

అక్క: కళ్లూ ముక్కూ లేకుండానే చెప్పేశావా? ఈ నల్లటి నీడ ఆకారాన్నే సిల్హౌట్ అంటాం. ఈమధ్య నాకొచ్చిన పనిలో ఏడు పాత్రలు. నలుగురు మగాళ్లలో ఒకడు గుమ్మడికాయ, ఒకడు ములక్కాడ, ఒకడు రోలు, ఇంకొకడు బీరువా. ముగ్గురు ఆడవాళ్లకి నలుపు పూస్తే ముగ్గురూ ఒకటే డమరుకం! జడ చూసి పోల్చుకోవాలి. నా మంట దానికి. నెట్‌లో అందరూ సన్నం చెయ్యాలా, లావు చెయ్యాలా అనే తన్నుకుంటారు గానీ, ఇది అడిగేవాడు లేడు.

తమ్ముడు: మరి బాపు బొమ్మ? చారెడేసి కళ్లు, పిడికెడు నడుము. ఈ ఊళ్లోనే ఉండి గీశారు కదా.

అక్క: అబ్బా, సరిగ్గా దొరికావు... కాదు, నేనే దొరికా. ఇంటర్‌లో ఆ నడుము కోసం రాత్రిళ్లు అన్నం మానేశాన్రా, అమ్మకి తెలీదు. అయినా ‘బుడుగు’లో లావుపాటి పక్కింటి పిన్నిగారిని గీసిందీ ఆయనే.

తమ్ముడు: ఇంతకీ ఆ డమరుకాలేమయ్యాయి?

అక్క: ఒకావిడని కూజా చేశా, ఒకావిడని నిచ్చెన చేశా, ఇంకొకావిడకి భుజాలు పెంచా. మొన్న పనిచ్చినవాళ్ల జవాబొచ్చింది. “చాలా బాగున్నాయండీ, కూజా ఆవిడ నడుము మాత్రం కొంచెం...”