పేరు లేని ఫంక్షన్లు

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) రాసే పద్ధతులన్నింటినీ వివరించమని నన్ను పిలిచారు. అయితే ఏళ్ల తరబడి నన్ను బాధిస్తున్న ఒక విషయం చెప్పకుండా ముందుకు సాగలేను.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపమిచ్చిన ఈ భాషలో ‘ఫంక్షన్’ అని రాసి, పక్కన పేరు పెట్టడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. అలా ప్రకటించిన ఫంక్షన్‌ను దాని కంటే పై వరుసలోనే పిలవవచ్చు కనుక, ముఖ్యమైన కథను ఫైలు మొదట్లో చెప్పి, వివరాలను కిందికి దించవచ్చు. 2015లో వచ్చిన ఈఎస్6 అనే ఈ భాషా ప్రమాణం, బాణం గుర్తుతో క్లుప్తంగా రాసే యారో ఫంక్షన్‌ను తెచ్చింది. జాబితాలోని ధరలను రెట్టింపు చేయడం వంటి చిన్న పనికి అంతకన్న చక్కని రాత లేదు. దానికి సొంత ‘దిస్’ (ఏ ఆబ్జెక్టు మీద పిలిచామో దాన్ని సూచించే మాట) ఉండదు కనుక ఆబ్జెక్టులో మెథడ్‌గా, అంటే ఆ ఆబ్జెక్టుకు చెందిన ఫంక్షన్‌గా మాత్రం వాడకండి.

ఇక నా బాధ. నేను పనిచేసిన ఒక సంస్థలో, అర్ధరాత్రి తగ్గింపు ధరలు అమల్లోకి రాగానే బిల్లులు ఆగిపోయాయి. తప్పు జరిగే వేళకు ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే స్టాక్ ట్రేస్ తెరిస్తే వరుసగా ఆరు చోట్ల ‘అనానిమస్’, అంటే పేరు లేనిది, అని ఉంది. ఫైలు పేరు, లైన్ నంబరు తప్ప అక్కడ జరిగే పని ఏమిటో చెప్పే మాట ఒక్కటీ లేదు. ఒకదాని కడుపులో ఒకటిగా ఇమిడిన ఆ కాల్‌బ్యాక్‌లను (మరో ఫంక్షన్ పిలవడానికి దానికి అందించే ఫంక్షన్లను) రాసినాయన అప్పటికే ఉద్యోగం మానేశారు. తెల్లవార్లూ వెతికాం.

విద్యార్థులారా, దయచేసి ఆలోచించండి: అదే యారో ఫంక్షన్‌ను, విలువకు పేరు పెట్టే ‘కాన్స్ట్’తో ఒక పేరుకు అప్పగించి ఉంటే, ఆ పేరే ట్రేస్‌లో కనిపించేది. నా ఫిర్యాదు బాణం గుర్తు మీద కాదు. పేరు పెట్టకుండా వదిలేసే అలవాటు మీద, చదివేవాడిని మరిచిపోయే ఆ తొందర మీద.

చివరికి ఆ ఆరింటికీ పేర్లు పెట్టడం మొదలుపెట్టాం. అయిదింటికి వెంటనే కుదిరాయి. ఆరోదానికి ఎంత ఆలోచించినా ఒక్క పేరు కుదరలేదు. అది తగ్గింపు లెక్కించడం, పన్ను కలపడం అనే రెండు పనులు చేస్తోంది. దాన్ని రెండుగా విడదీస్తుండగా, తగ్గింపు ఉన్న వస్తువుల దారిలో, లెక్కించిన ఫలితాన్ని తిరిగిచ్చే ‘రిటర్న్’ రాయలేదన్న సంగతి మా కళ్లబడింది.