బట్టమేకపిట్ట దారి ఎటు?

[దృశ్యం: తెల్లవారుజాము, గడ్డి మైదానం]

ఇది నంద్యాల జిల్లా రోళ్లపాడు. బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ఇక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన, అంతే.

నిలబడితే మీటరు ఎత్తుండే పిట్ట ఇది. మగది 15 కిలోల దాకా తూగుతుంది. సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు. వానాకాలంలో రోళ్లపాడు గడ్డిలో గుడ్డు పెట్టేది, సీజన్ అయ్యాక చాలా పిట్టలు వెళ్లిపోయేవి. ఎటు? ఉపగ్రహ ట్యాగులు లేని రోజులవి, ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. కనిపించిన చోట గిరి గీశాం. మిగతా నెలలు అది బతికిన నేలకు కాపలా లేదు. ఈలోగా చుట్టుపక్కలకి సాగునీరు వచ్చింది, మెట్ట పైర్లు తగ్గాయి. పిట్టలూ తగ్గిపోయాయి.

[యానిమేషన్: పిట్ట వీపు మీద చిన్న పరికరం]

ఇప్పుడు ఇవి ప్రధానంగా రాజస్థాన్ థార్ ఎడారిలో మిగిలాయి, దేశం మొత్తం మీద 150 లోపే. భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు కొన్నిటికి జీపీఎస్ ట్యాగులు కట్టారు. బడి పిల్లల సంచిలా వీపున కూర్చుంటుంది, ఎండతో ఛార్జ్ అవుతుంది, పిట్ట ఎక్కడుందో పంపిస్తూ ఉంటుంది.

[మ్యాప్ మీద చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతాయి]

ఒక్క చుక్కతో తెలిసేది తక్కువ. నెలల తరబడి చుక్కలు కలిపితే ఎక్కడ మేస్తోంది, ఎక్కడ నిద్రపోతోంది, ఏ దారిన దాటుతోంది అన్నీ బయటపడతాయి. అభయారణ్యం హద్దు దాటి పొలాల్లోకి, బీళ్లలోకి వెళ్తుంది. దానికి మన హద్దురాయితో పనేముంది?

ఇప్పుడు అదే మ్యాప్ మీద కరెంటు లైన్లు పరుద్దాం.

[ఎర్ర గీతలు చుక్కలను కోస్తాయి]

ఈ పిట్ట కళ్లు తలకి పక్కన ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ. తీగ దగ్గరికి వచ్చాక ఇంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. థార్‌లో ఏడాదికి 18 బట్టమేకపిట్టలు తీగలకు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 150 లోపు ఉన్న జాతికి ఇది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి.

2021లో సుప్రీంకోర్టు దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో ఓవర్‌హెడ్ లైన్లపై ఆంక్షలు పెట్టింది. సౌర, పవన విద్యుత్తు కూడా కావాల్సిందే కదా, అంత మేర తీగలు పాతిపెట్టడం కష్టమని ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో కోర్టు ఆదేశాన్ని సడలించి, ఏ ప్రాంతంలో ఏం చేయాలో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది.

ట్యాగు సమాచారం విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఏ కిలోమీటరులో తీగను ముందు భూమిలోకి దించాలి, తీగ ఉందని పిట్టకు దూరం నుంచే తెలిపే డైవర్టర్లు (తీగకు తగిలించే గుర్తులు) ఎక్కడ వేలాడదీయాలి, కొత్త సోలార్ పార్కు లైన్ ఎటు మళ్లించాలి అని చుక్కలు చూపిస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ఆ చుక్కల్ని లైవ్‌లో బయట పెట్టకూడదు, వేటగాడికీ అవే దారి చూపిస్తాయి.

[మళ్లీ రోళ్లపాడు]

ఇక్కడ గడ్డి ఇంకా ఉంది. కృష్ణజింకలు మేస్తున్నాయి. అప్పట్లో పది పిట్టల వీపున ట్యాగు ఉండి ఉంటే, వానాకాలం అయ్యాక అవి వెళ్లిన ఆ రెండో ఊరు పేరు ఈ రోజు మ్యాప్ మీద ఉండేది.