తోబుట్టువుల మాటలకు ఒక చోటు కావాలి

నమస్కారం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ వంటి స్థితులతో పుట్టిన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మన దృష్టి సహజంగానే తల్లిదండ్రుల మీద నిలుస్తుంది. అదే ఇంట్లో పెరిగి, ఇప్పుడు ముప్పై ఐదు, నలభై ఏళ్ల వయసుకు వచ్చిన అన్న గురించి, అక్క గురించి, చెల్లెలి గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను. బెంగళూరులో మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం రాత్రి అనంతపురం, కడప, కర్నూలు బస్సులు ఎక్కి, ఇంటి దగ్గర తమ్ముడిని రెండు రోజులు చూసుకొని తిరిగివచ్చే తెలుగువారికి ఈ మాటలు చెప్పాలని ఉంది.

వీరికి డబ్బు సాయం కంటే ముందు కావలసింది, తమలాంటి వారితో మాట్లాడుకొనే అవకాశం అని నా గట్టి నమ్మకం. ఎందుకంటే వీరి ప్రశ్నల్లో చాలావాటిని ఇంట్లో అడగలేరు. మీ తర్వాత తమ్ముడు ఎక్కడ ఉండాలి అని కొడుకు అడిగితే, మీరెప్పుడు పోతారు అని అడిగినట్టు ఆ తల్లికి వినిపిస్తుంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చెల్లెలి సంగతి ముందే చెబితే సంబంధం తప్పిపోతుందని బంధువులు భయపెడతారు. చెప్పకుండా పెళ్లి చేసుకుంటే ఆ భారం ఏమీ తెలియని మనిషి మీద పడుతుంది. తనకు మార్కులు వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదన్న చిన్ననాటి బాధను పైకి అంటే, పాపం వాడి మీద అసూయా అంటారు. ఇలాంటి మాటను మొదటివాక్యం దగ్గరే అర్థం చేసుకొనేది అదే అనుభవమున్న మరో తోబుట్టువు మాత్రమే.

అలాంటి మరొక ప్రశ్న, నాకు పుట్టబోయే బిడ్డకూ ఇది వస్తుందా అన్నది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సుమారు 95 శాతం మందికి ఉండేది, కణాల్లో 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండే ట్రైసోమీ 21 రకం. అది సాధారణంగా వంశపారంపర్యంగా వచ్చేది కాదు. కొద్దిమందిలో కనిపించే ట్రాన్స్‌లొకేషన్ రకం, అంటే ఆ అదనపు భాగం మరో క్రోమోజోమ్‌కు అతుక్కొని ఉండే రకం మాత్రం కుటుంబంలో నడవవచ్చు. తమ్ముడిది ఏ రకమో కారియోటైప్ అనే రక్తపరీక్ష తేలుస్తుంది. ఏళ్ల తరబడి ఒంటరిగా మోసిన భయం, ఆ పరీక్ష చేయించుకొని వచ్చిన మరొకరి అనుభవం వింటే జన్యు సలహా నిపుణుల దగ్గరకు వెళ్లే ధైర్యంగా మారుతుంది.

కాలం కూడా మారింది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు 1983లో 25 ఏళ్ల దగ్గర ఉండగా, ఇప్పుడు 60 ఏళ్లకు చేరింది. అంటే తల్లిదండ్రుల తర్వాత కూడా ఎన్నో ఏళ్లు తోబుట్టువులే తోడుగా ఉండవలసి వస్తుంది. అక్కడి సియాటిల్ నగరంలో డాన్ మేయర్ 1990లోనే తోబుట్టువుల కోసం సిబ్లింగ్ సపోర్ట్ ప్రాజెక్టును మొదలుపెట్టారు. బ్రిటన్‌లో సిబ్స్ అనే సంస్థ 2001 నుంచి పనిచేస్తోంది.

చట్టం విషయంలో మన కుటుంబాలు ఎక్కువగా తడబడుతున్నాయి. బిడ్డకు 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులైనా తమంతట తామే చట్టబద్ధ సంరక్షకులుగా కొనసాగరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుడిని నియమిస్తుంది. తల్లిదండ్రులే కాక తోబుట్టువులూ దరఖాస్తు చేయవచ్చు. నియమితులైన వారు ఆరు నెలల్లోగా తమ సంరక్షణలో ఉన్నవారి ఆస్తుల జాబితాను, ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోగా లెక్కలను సమర్పించాలి. స్కిజోఫ్రెనియా వంటి మానసిక అనారోగ్యాలు ఈ చట్టం పరిధిలోకి రావు; చికిత్స నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధిని ఎంచుకొనే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ అనారోగ్యం ఉన్న మనిషికే ఇచ్చింది. ఇక తన మీద ఆధారపడిన తమ్ముడి పోషణకు ఖర్చు చేసే అన్నకు, ఆదాయపు పన్ను పాత విధానంలో, పన్ను లెక్కించే ఆదాయం నుంచి 75,000 రూపాయలు, వైకల్యం తీవ్రమైతే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. ఈ కాగితాలన్నీ ఒకసారి పూర్తిచేసినవారు పక్కవారికి అరగంటలో చెప్పగలరు.

అందుకే బెంగళూరులో ఉన్న తెలుగు తోబుట్టువులను అడుగుతున్నాను: నలుగురైదుగురు చేరినా చాలు, నెలకు ఒక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలవండి. ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం చక్కగా మాట్లాడేవారికి కూడా అమ్మ మీది కోపం, తమ్ముడి మీది ప్రేమ తెలుగులోనే బయటికి వస్తాయి. తల్లిదండ్రులను ఈ సమావేశానికి పిలవవద్దు. వారి ఎదుట నిజం చెప్పలేరు. అక్కడ విన్న మాట బయటికి పోదని మొదటే ఒప్పుకోండి. తమ్ముడిని దగ్గర ఉంచుకోలేను అని చెప్పినవారిని ఎవరూ తప్పుపట్టకూడదు, ఎందుకంటే మంచి వసతి గృహం వెతికి, ప్రతి నెలా వెళ్లి చూసి రావడం కూడా బాధ్యత వహించడమే. పెళ్లయినవారు కొన్నాళ్ల తర్వాత భార్యనో భర్తనో వెంట తీసుకురావాలి. రేపు తమ్ముడు వారి ఇంట్లోనే ఉండవచ్చు కాబట్టి నిర్ణయంలో వారికీ చోటు ఉండాలి. అంతకంటే ముందు, తమ్ముడు ఎవరితో, ఏ ఊళ్లో ఉండాలనుకుంటున్నాడో ఆయననే అడిగి, మాట రానివారైతే బొమ్మలతోనో సైగలతోనో తెలుసుకొని, ఆ జవాబును సమావేశానికి తీసుకురండి.