టీచర్ పరీక్షలో ప్రశ్న ఎవరి వైపు మొగ్గుతుంది?

[స్క్రీన్ మీద: ఎస్కలేటర్ బొమ్మ, పక్కన ఒక లెక్క]

ఎస్కలేటర్ లెక్క చూసే ఉంటారు. మెట్లు కదులుతుంటాయి, మనిషీ ఎక్కుతుంటాడు, మొత్తం మెట్లెన్ని అని అడుగుతారు. రీజనింగ్ పుస్తకాల్లో ఇది మామూలే. చెన్నై మాల్స్‌కి వెళ్లొచ్చే నెల్లూరు అమ్మాయికి అది చదవగానే కళ్లకు కడుతుంది. యర్రగొండపాలెం దగ్గర నల్లమల అంచున పెరిగిన అబ్బాయి ముందు ఆ మెట్లు ఎలా కదులుతాయో ఊహించుకోవాలి, ఆ తర్వాతే లెక్క. ఇద్దరికీ గణితం సమానంగానే వచ్చు. టైం మాత్రం ఒకరికే పోతుంది.

పరీక్షలో సాంస్కృతిక పక్షపాతం అంటే ఇదే. పేపర్ తయారుచేసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు.

పోనీ, పెన్నలో ఎదురీదే పడవ అని మారుద్దాం. అప్పుడు కనిగిరి మెట్ట పల్లెలవాళ్లు, మాకు తాగడానికే నీళ్లు లేవు, పడవెక్కడిది అంటారు. నిజమే కదా! ఏ సందర్భం పెట్టినా ఎవరికో ఒకరికి దగ్గరవుతుంది. కాబట్టి ప్రశ్నను చూసి తేల్చలేం. అభ్యర్థుల జవాబుల్ని చూడాలి.

[స్క్రీన్ మీద: రెండు వరుసల్లో అభ్యర్థులు, అందరికీ 90 మార్కులు]

ఆ పద్ధతి పేరు డిఫరెన్షియల్ ఐటెమ్ ఫంక్షనింగ్. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 150కి 90 వచ్చినవాళ్లనే తీసుకోండి. కొందరు పట్నంవాళ్లు, కొందరు పల్లెవాళ్లు. మొత్తం మార్కులు సమానం, అంటే సామర్థ్యం దాదాపు సమానం. చాలా ప్రశ్నల్లో రెండు వైపులా ఒకేలా రాశారు. ఏదో ఒక ప్రశ్న దగ్గర మాత్రం పట్నంవాళ్లలో ఎక్కువమందికి వచ్చింది, పల్లెవాళ్లలో ఎక్కువమందికి పోయింది. ఆ ప్రశ్న సబ్జెక్టుతో పాటు ఇంకేదో కూడా కొలుస్తున్నట్టుంది. వెంటనే తీసేయాలని కాదు. నిపుణులు కూర్చుని, ఆ తేడా టీచర్ పనికి అవసరమైనదేనా అని చూడాలి.

నార్మలైజేషన్ ఉందిగా అని అడుగుతారు. అది వేరు. ఉదయం షిఫ్ట్ పేపర్ కష్టంగా, మధ్యాహ్నంది తేలికగా వస్తే ఆ తేడాను సర్దుతుంది. ఒకే పేపర్ లోపలి మొగ్గును అది పట్టుకోదు. టెట్ అర్హత మార్కు ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40. ఇది గీతను మారుస్తుంది, ప్రశ్నను మార్చదు. ఒకే కేటగిరీలో ఉన్న పట్నం అభ్యర్థికీ పల్లె అభ్యర్థికీ మధ్య ఆ ఎస్కలేటర్ అలాగే ఉంటుంది. టీచర్ ఉద్యోగాలిచ్చే డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ. అర మార్కుకు ఉద్యోగం పోయినవాళ్లను అడగండి, ఒక్క ప్రశ్న విలువెంతో చెబుతారు.

అలాగని పరీక్ష వద్దని నేను అనను. పరీక్ష తీసేస్తే సిఫార్సులు వస్తాయి. అవనిగడ్డలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్న కూలీ కుటుంబం పిల్లకు ఆ పరీక్షే అండ. ఆ అండ గట్టిగా ఉండాలనే ఇదంతా చెబుతున్నాను.

[స్క్రీన్ మీద: న్యూయార్క్, 1996]

న్యూయార్క్‌లో టీచర్ల లైసెన్సు పరీక్ష మీద 1996లో నల్లజాతి, లాటినో టీచర్లు కోర్టుకెళ్లారు. గులీనో కేసు అంటారు. ఆ పరీక్ష టీచర్ పనినే కొలుస్తోందని అధికారులు నిరూపించలేకపోయారని జడ్జి కింబా వుడ్ 2012లో తీర్పిచ్చారు. 2015లో దాని రెండో రూపానికీ అదే గతి పట్టింది. అదే ఏడాది, తర్వాత వచ్చిన మరో పరీక్షను మాత్రం ఆమే సమర్థించారు, అది పనికి సంబంధించినదేనని. ఫలితాల్లో తేడా వచ్చినంత మాత్రాన పరీక్ష తప్పని అక్కడ తేల్చలేదు. తేడా వచ్చినప్పుడు, పనితో సంబంధం చూపించాల్సిన బాధ్యతను పరీక్ష పెట్టినవాళ్ల మీద పెట్టారు.

మన దగ్గర ప్రాథమిక కీ, అంటే పరీక్ష తర్వాత ముందుగా ఇచ్చే జవాబుల పట్టిక మీద అభ్యంతరాలు తీసుకుంటారు. అక్కడ తేలేది జవాబు తప్పా ఒప్పా అన్నదే. నెల్లూరు దగ్గర యానాది కాలనీ బడిలో, కుటుంబాలు పనికి వలస పోయే రోజుల్లో పిల్లల్ని బడిలో నిలబెట్టగల టీచర్‌ను ఈ ప్రశ్న పక్కకు నెడుతోందా అని అడగడానికి ఆ ఫారంలో చోటే లేదు. నేను అడిగేది ఒకటే. పేర్లు తీసేసి, ప్రతి ప్రశ్నకూ జిల్లావారీగా, పల్లె పట్నం వారీగా ఎంతమంది సరిగ్గా రాశారో విడుదల చేయండి. యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు కూడా అందులో ఏ ప్రశ్న మొగ్గిందో లెక్కగట్టి చెప్పగలరు.